చెక్కభజన బృందానికి ఒకే పెట్టెలో స్టూడియో: ఎనిమిది మైకుల రికార్డరును వాడుకునే తీరు

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన బృందాలు తమ పాటలను రికార్డు చేయించుకోవాలనుకుంటే ఇప్పటికీ రెండే దారులు కనిపిస్తాయి. ఎవరిదో ఒక సెల్‌ఫోనును మధ్యలో స్టూలు మీద పెట్టి పాడడం ఒకటి, పదిహేను మందిని వ్యానులో ఎక్కించుకుని పట్నంలోని స్టూడియోకు వెళ్లడం మరొకటి. మొదటి దారిలో చెక్కల చప్పుడు గురువుగారి గొంతును మింగేస్తుంది. రెండో దారిలో ఇరుకు గదిలో ఒక్కొక్కరిని విడివిడిగా పాడమంటారు. గుండ్రంగా తిరుగుతూ, అడుగు వేస్తూ పాడడానికి అలవాటుపడిన మనుషులు అద్దం వెనక కదలకుండా నిలబడి పాడేసరికి పాటలో ఊపు పోతుంది. స్టూడియోనే పల్లెకు తీసుకెళ్లడం మూడో దారి. మైకులు పెట్టుకునే సాకెట్లు, మిక్సరు, రికార్డరు, ఎఫెక్టులు, చివరి మిక్సును తయారుచేసే ఏర్పాటు అన్నీ ఒకే పెట్టెలో ఉండే డిజిటల్ రికార్డింగ్ వర్క్‌స్టేషన్ ఆ పని చేస్తుంది. కంప్యూటరు అవసరం లేదు. ఆ పెట్టెలోని సదుపాయాలను మన పాటకు ఎలా వాడుకోవాలో, వాటిలో వేటిని పక్కన పెట్టవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. టాస్కామ్ సంస్థ 1979లోనే మామూలు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులను, అంటే ఒక్కో గొంతుకో వాద్యానికో కేటాయించే శబ్దపు వరుసలను, విడివిడిగా రికార్డు చేసే పోర్టాస్టూడియో 144ను తెచ్చింది. 1996లో రోలాండ్ వీఎస్-880 వచ్చేసరికి క్యాసెట్టు స్థానంలోకి హార్డ్‌డిస్కు చేరింది. ఇప్పుడు ఆ చోట తపాలా బిళ్లంత ఎస్‌డీ కార్డు ఉంది. ల్యాప్‌టాప్‌కు మైకులను కలిపే ఇంటర్‌ఫేసు తగిలించి ఇంతకంటే ఎక్కువ పనులు చేయవచ్చన్నది నిజమే. కానీ దుమ్ము రేగే గుడి ముంగిట, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేళ, నడుమ సాఫ్ట్‌వేరు అప్‌డేటు అడిగే కంప్యూటరును నమ్ముకోవడం కంటే రికార్డింగ్ తప్ప మరో పని తెలియని పెట్టె మేలని నా అనుభవం.

కొనేటప్పుడు ఏ అంకెను చూడాలి

పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే ట్రాకుల సంఖ్యను చూసి చాలామంది పొరబడతారు. టాస్కామ్ డీపీ-24ఎస్‌డీ అంటే 24 ట్రాకులు. అయితే దానిలో ఒకేసారి రికార్డు చేయగలిగేది ఎనిమిదే. మిగిలినవి తర్వాత ఒకటొకటిగా చేర్చుకోవడానికి. జూమ్ ఆర్24లోనూ ఒకేసారి ఎనిమిదే. చిన్నదైన డీపీ-008ఈఎక్స్‌లో ఎనిమిది ట్రాకులున్నా ఒకేసారి రెండు మాత్రమే నడుస్తాయి. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-12 పన్నెండు చానళ్లను, వాటన్నింటి స్టీరియో మిక్సును కలిపి ఒకేసారి పద్నాలుగు ట్రాకులుగా రాసుకుంటుంది. ఒక్కడే కూర్చుని ముందు గిటారు, తర్వాత గొంతు, ఆ తర్వాత మరో గొంతు చేర్చుకునే మనిషికి మొత్తం ట్రాకుల సంఖ్య ముఖ్యం. అందరూ ఒక్క ఊపిరిలో పాడే భజన బృందానికి ఒకేసారి ఎన్ని అన్నదే ముఖ్యం.

మన లెక్క ఇలా వేసుకోవాలి. గురువుగారి గొంతుకు ఒకటి, అందుకుని పాడేవాళ్లకు రెండు, హార్మోనియానికి ఒకటి, డోలక్కు రెండు వైపులా రెండు, చెక్కలు పట్టుకుని తిరిగే వలయానికి పైనుంచి రెండు. ఎనిమిది అయ్యాయి. హరికథకైతే కథకుడు, హార్మోనియం, మృదంగం రెండు వైపులు అని నాలుగుతో సరిపోతుంది. తోలుబొమ్మలాటకు లెక్క మారుతుంది. నిమ్మలకుంట కళాకారుల ఆటను చూసినవారికి తెలుసు, తెర వెనక మనిషి బొమ్మను ఆడిస్తూ, పాడుతూ, కాలి కింద చెక్కను తొక్కుతూ అటూ ఇటూ కదులుతుంటాడు. అక్కడ నోటి ముందు మైకు నిలబెట్టి లాభం లేదు. తెర పైభాగాన వెదురు బొంగుకు రెండు మైకులు, వాద్యాల దగ్గర రెండు, నేల మీది చెక్కకు ఒకటి కట్టుకోవాలి. ఎలా చూసినా ఎనిమిది ఇన్‌పుట్ల యంత్రం మన ప్రాంతపు కళలు చాలావాటికి సరిపోతుంది. ఇరవై నాలుగు, ముప్ఫై రెండు అన్న అంకెలకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

సాకెట్లు, ఫాంటమ్ పవర్

ఈ యంత్రాల్లో సాధారణంగా మూడు పిన్నుల మైకు కేబులూ, కీబోర్డుకు వాడే లావు జాకూ రెండూ దూరే సాకెట్లు ఉంటాయి. సాకెట్టు ఒకటే అయినా లోపలి వ్యవహారం వేరు. మైకు నుంచి వచ్చే సిగ్నలు చాలా బలహీనమైనది. కీబోర్డు నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు బలమైనది. కీబోర్డును మైకుగా భావించి గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నలును పెంచే గుండీ) పెంచితే శబ్దం చిరిగిపోతుంది కాబట్టి స్విచ్చును లైన్ వైపు ఉంచాలి. ఎలక్ట్రిక్ గిటారును నేరుగా తగిలించడానికి ఒకటి రెండు సాకెట్ల దగ్గర ప్రత్యేకమైన స్విచ్ ఉంటుంది. భజనలో దానితో మనకు పని పడదు.

సన్నని శబ్దాన్నీ పట్టుకునే కండెన్సర్ మైకుకు యంత్రం నుంచి 48 వోల్టుల కరెంటు అందాలి. దీన్నే ఫాంటమ్ పవర్ అంటారు. సభల్లో చేత్తో పట్టుకుని మాట్లాడే డైనమిక్ మైకుకు అది అక్కరలేదు, సరైన కేబులుతో తగిలించి ఉంటే దానివల్ల హానీ లేదు. కొన్ని యంత్రాల్లో నాలుగేసి ఇన్‌పుట్లకు కలిపి ఒకే స్విచ్ ఉంటుంది కనుక కండెన్సర్ మైకులన్నింటినీ ఒకే వరుసలో తగిలించుకోవడం మంచిది. స్విచ్ వేసేముందు ఫేడర్లను (శబ్దాన్ని పెంచే, తగ్గించే జారుడు మీటలను) కిందికి దించి, హెడ్‌ఫోన్ శబ్దాన్ని తగ్గించాలి. లేకపోతే చెవిలో పిడుగు పడినట్లు టప్పుమంటుంది.

కార్డు, కొత్త ప్రాజెక్టు

ఎస్‌డీ కార్డును కంప్యూటరులో కాకుండా యంత్రంలోనే ఫార్మాట్ చేయాలి. కొత్త ప్రాజెక్టు తెరవగానే శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలి), బిట్ డెప్త్ (ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకోవాలి) అడుగుతుంది. పాట మొదలైన తర్వాత వీటిని మార్చడం కుదరదు. వీడియోతో కలపబోయే పాటకు 48 కిలోహెర్ట్జ్, సీడీకి 44.1 కిలోహెర్ట్జ్ ఎంచుకోవాలి. ఈ రోజుల్లో ప్రతి భజనా వీడియోగానే బయటికి వెళుతోంది కాబట్టి నేను 48నే వాడతాను. బిట్ డెప్త్ మాత్రం ఎప్పుడూ 24 ఉండాలి. 16 బిట్లలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెళ్ల ఎడం దొరుకుతుంది. 24 బిట్లలో అది లెక్క ప్రకారం 144కు చేరుతుంది. ఆ అదనపు జాగా మనకు ఎందుకో గెయిన్ దగ్గర తెలుస్తుంది.

ఈ లెక్కన ఒక ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు తింటుంది. ఎనిమిది ట్రాకులకు నిమిషానికి దాదాపు 69 మెగాబైట్లు, గంటకు 4 గిగాబైట్ల పైచిలుకు. 32 గిగాబైట్ల కార్డులో ఏడు గంటల భజన పడుతుంది. ఏకాదశి రాత్రి తెల్లవార్లూ సాగే భజనకు ఇది అంచు మీద ఉండే లెక్క కాబట్టి రెండో కార్డు జేబులో ఉండాలి. పాట పాటకూ ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టడం కూడా అవసరం.

గెయిన్: అసలు పనంతా ఇక్కడే

రికార్డింగులో తర్వాత సరిదిద్దుకోలేని తప్పులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది గెయిన్ ఎక్కువై శబ్దం చిరగడం. డిజిటల్ రికార్డరులో సున్నా డెసిబెల్ అన్నది గోడ. దాన్ని తాకిన శబ్దం తల తెగిపోతుంది, ఆ తెగిన ముక్కను తిరిగి అతికించే ఎఫెక్టు లేదు. గెయిన్ కాస్త తక్కువైతే మాత్రం 24 బిట్ల పుణ్యమా అని తర్వాత పెంచుకున్నా హిస్సుమనే రొద పెద్దగా వినిపించదు. అందువల్ల ప్రతి ట్రాకులోనూ అతి పెద్ద శబ్దం మీటరు మీద మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకోవాలి.

పరీక్షించే పద్ధతిలో ఒక కిటుకు ఉంది. "ఒకసారి పాడండి గురువుగారూ" అంటే ఆయన పల్లవిని కూర్చుని నెమ్మదిగా పాడతారు. అసలు రికార్డింగులో మూడో చరణం దగ్గర నడక రెట్టింపై, చెక్కలు జోరందుకున్నప్పుడు ఆయన గొంతు అంతకు రెండింతలు లేస్తుంది. కాబట్టి "చరణం చివర, ఉధృతిలో పాడేది పాడండి, నిలబడే పాడండి" అని అడగాలి. చెక్కల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. చెక్కల నడుమ గుచ్చిన లోహపు బిళ్లలు తాకుకున్న క్షణంలో పుట్టే శబ్దం కన్ను మూసి తెరిచేలోపు లేచి పడిపోతుంది. మీటరు పుల్లలు అంత వేగంగా కదలవు కనుక మైనస్ 18 చూపిస్తున్నా అసలు శిఖరం ఇంకా పైనే ఉండవచ్చు. చెక్కల మైకులకు అందరికంటే తక్కువ గెయిన్ పెట్టి, అందరూ కలిసి ఒక నిమిషం ఉధృతిలో ఆడిన తర్వాత ఎర్ర దీపం వెలగలేదని రూఢి చేసుకోవాలి.

కొన్ని యంత్రాల్లో ఇన్‌పుట్ దగ్గరే లో కట్ అనే మీట ఉంటుంది. అది సుమారు 80 హెర్ట్జ్ కంటే కిందనున్న గుర్రు శబ్దాన్ని, అంటే ఫ్యాను రొదను, నేల అదురును ఆపుతుంది. గొంతులకు, హార్మోనియానికి, చెక్కలకు దాన్ని వేయవచ్చు. డోలక్ లావు వైపు మైకుకు మాత్రం వేయకూడదు, ఆ దెబ్బలోని గుమ్మదనమంతా అక్కడే ఉంటుంది. వేసవిలో ఫ్యాను ఆపమంటే బృందం నొచ్చుకుంటుంది. పాటకు పాటకు మధ్య వేసుకుందామని ముందే ఒప్పించాలి.

కొత్తవారు తికమకపడే విషయం మరొకటి ఉంది. ఇలాంటి చాలా యంత్రాల్లో రికార్డయ్యే శబ్దం ఎంతన్నది పైనున్న గెయిన్ గుండీ నిర్ణయిస్తుంది. కిందనున్న ఫేడరు మనం వినేదాన్ని మాత్రమే పెంచుతుంది, తగ్గిస్తుంది. మీటరు ఎర్రబడిందని ఫేడరు దించితే చెవికి హాయిగా ఉంటుంది కానీ కార్డు మీద శబ్దం చిరుగుతూనే ఉంటుంది. ఎర్రబడితే చెయ్యి గెయిన్ మీదికే వెళ్లాలి.

కడప బండల మీద పాట

గదిని యంత్రం బాగుచేయలేదు. మన ఇళ్లలో, గుడి మండపాల్లో నేలకు పరిచేవి కడప బండలు. చల్లగా ఉంటాయి, తుడవడం సులువు, కానీ శబ్దాన్ని అద్దంలా వెనక్కి తోస్తాయి. మైకులు పెట్టేముందు గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినండి. చప్పట్ల వెనక "టింగ్" అని సన్నటి తోక వినిపిస్తే అదే తోక ప్రతి చెక్క దెబ్బకూ అంటుకుంటుంది. నేలమీద రెండు పొరలు జంపఖానా పరిచి, ఎదురెదురు గోడల్లో ఒకదానికైనా బొంతలు, దుప్పట్లు వేలాడదీసి మళ్లీ చప్పట్లు కొడితే తేడా తెలుస్తుంది. నాకు బాగా కలిసివచ్చిన చోటు వేరుశనగ కాయల మూటలు పేర్చిన ఒక పాత గోదాము. ఆ మూటలు శబ్దాన్ని పీల్చుకున్నంతగా ఏ ఖరీదైన ఫోమూ పీల్చుకోగా చూడలేదు.

మైకుకూ పాడేవారికీ మధ్య ఎంత దూరముందో దానికి కనీసం మూడు రెట్ల దూరంలో పక్క మైకు ఉండాలన్నది పాత సూత్రం. గురువుగారి నోటికి జానెడు దూరంలో మైకు ఉంటే హార్మోనియం మైకు అక్కడినుంచి మూడు జానలకు తగ్గకుండా ఉండాలి. ఎంత దూరం పెట్టినా ఒకరి శబ్దం మరొకరి మైకులోకి కొంత దూరుతూనే ఉంటుంది. దీనికి భయపడి మనుషులను విడదీయకండి. అందరూ ఒకరినొకరు చూసుకుంటూ పాడినప్పుడు దూరిన ఆ కొంత శబ్దమే పాటకు నిండుదనం ఇస్తుంది.

అదే కారణంగా యంత్రంలో తాళం కొట్టి చూపే మెట్రోనోమ్‌ను నేను భజనకు వాడను. సినిమా పాటకు ఆ టిక్కుటిక్కు ప్రాణాధారం కావచ్చు. చెక్కభజన నిదానంగా మొదలై, గురువు కాలి అడుగును బట్టి వేగం పుంజుకుని, ఆయన కనుసైగతో ఆగుతుంది. ఆ నడకను మెట్రోనోమ్‌కు కట్టివేస్తే మిగిలేది కవాతు.

తప్పు దొర్లితే

ఈ పెట్టెల్లో అందరూ మెచ్చుకునే సదుపాయం పంచ్ ఇన్. తప్పు వచ్చిన చోటికి ముందొక గుర్తు, తర్వాతొక గుర్తు పెడితే, పాట నడుస్తుండగా ఆ రెండు గుర్తుల మధ్య మాత్రమే యంత్రం రికార్డింగులోకి వెళ్లి వస్తుంది. ఒక్కడే పాడుకునే గాయకుడికి ఇది వరం. మన బృందానికి మాత్రం దీనిలో ఒక మెలిక ఉంది. రెండో చరణంలో గురువుగారు ఒక మాట తడబడ్డారనుకుందాం. ఆయన ట్రాకు ఒక్కదానిలో ఆ మాటను మళ్లీ పాడించి పెడితే, తడబడిన పాత మాట హార్మోనియం మైకులోనూ, అందుకునేవారి మైకులోనూ దూరి ఉంటుంది కాబట్టి వెనకనుంచి దయ్యంలా వినిపిస్తుంది. అందువల్ల ఎనిమిది ట్రాకులనూ రికార్డు స్థితిలో ఉంచి, చరణం మొదలు నుంచి అందరి చేతా మళ్లీ పాడించాలి. వేగం ముందటిలాగే రావడానికి అంతకు ముందున్న పల్లవిని గురువుగారికి, డోలక్ వాయించేవారికి హెడ్‌ఫోన్లలో వినిపించాలి. కొన్ని యంత్రాల్లో ఒక్కో ట్రాకు వెనక వర్చువల్ ట్రాకులు ఉంటాయి. పాత చరణాన్ని చెరపకుండా కొత్తది వాటిలో దాచుకుని, ఏది బాగుంటే అది ఉంచుకోవచ్చు.

అన్‌డూ మీట ఉంది కదా అని ధీమా పడవద్దు. ప్రాజెక్టు మూసి తెరిచిన తర్వాత అది వెనక్కి తీసుకెళుతుందన్న హామీ లేదు.

మిక్సు

రికార్డింగు జరిగిన రాత్రే మిక్సు చేయకూడదు. చెక్కల హోరు విన్న చెవులు పొద్దుటికి గానీ కుదుటపడవు.

మొదట ఫేడర్లన్నీ దించి, గురువుగారి గొంతును ఒక్కదాన్నే పైకి తెచ్చి, దానికి తగ్గట్టు ఒక్కొక్కటి చేర్చుకోవాలి. చెక్కల రెండు ట్రాకులను ఎడమకు ఒకటి, కుడికి ఒకటి జరిపితే మధ్యలో గొంతుకు చోటు దొరుకుతుంది. శబ్దంలోని లావు, సన్న భాగాలను విడివిడిగా మార్చే ఈక్వలైజరుతో పెంచడం కంటే తగ్గించడమే ఎక్కువ ఉపయోగం: చెక్కల్లో 4 నుంచి 6 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా తగ్గిస్తే, ఏ ఫేడరూ కదపకుండానే గొంతులోని మాటలు స్పష్టపడతాయి. కంప్రెసరు పెద్ద శబ్దాన్ని అణిచి, చిన్న శబ్దానికి దగ్గర చేస్తుంది. గొంతుకు మితంగా వేయాలి, చెక్కలకు నేనైతే వేయను. గది మార్మోగినట్టు వినిపించే రెవర్బ్‌ను మన బృందాలు పాయసంలో బెల్లంలా ఇంకా ఇంకా వేయమంటాయి. బండల గదిలో పాడినదానికి గది రెవర్బ్ ముందే ఉంది కనుక, వేసినది వినిపిస్తోందని అనిపించిన చోటి నుంచి ఒక గీత వెనక్కి తిప్పాలి.

అంతా కుదిరాక మిక్స్‌డౌన్ చేస్తే ఎనిమిది ట్రాకులూ కలిసి ఒక స్టీరియో ఫైలవుతాయి. యంత్రంలో ఉండే మాస్టరింగ్ సదుపాయం దాన్ని ఇంకా గట్టిగా వినిపించేలా చేస్తుంది. దాన్ని వాడేముందు మిక్సును సెల్‌ఫోన్ స్పీకరులో, ఆటో డ్రైవరు వినే బ్లూటూత్ డబ్బాలో విని చూడండి, ఎందుకంటే ఈ పాటను వినబోయేవారు వినేది వాటిలోనే. మరీ చిన్న చిన్న కత్తిరింపులు చేయాల్సి వస్తే యంత్రపు అరచేతి తెర మీద కుస్తీ పట్టకుండా, ట్రాకులను వేవ్ ఫైళ్లుగా బయటికి తీసి కంప్యూటరులో ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేరులో చేసుకోవడమే తెలివైన పని.

కరెంటు

ఒక ఊరిలో రెండు పాటలు అద్భుతంగా వచ్చాయి. మూడోది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇంటివారి ఇన్వర్టరు వెంటనే అందుకుంటుందనుకుని నేను వేరే ఏర్పాటు చేసుకోలేదు. అది అందుకునేలోపు కనురెప్పపాటు ఎడం వచ్చి యంత్రం ఆరిపోయింది. తిరిగి వెలిగించాక మూడో పాటే కాదు, ప్రాజెక్టును సేవ్ చేయకపోవడం వల్ల రెండోది కూడా లేదు. ఆ బృందం పెద్దాయన ఏమీ అనలేదు, "కాఫీ తాగి మళ్లీ పాడదాంలే నాయనా" అన్నాడు. పాడారు, కానీ మొదటిసారి వచ్చినట్టు రాలేదు.

అప్పటినుంచి ప్రతి పాట తర్వాతా ఆపి, సేవ్ చేసి, కార్డు దీపం ఆరేదాకా చూసి గానీ తర్వాతి పాటకు వెళ్లను. అడాప్టరును కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్‌కు తగిలిస్తాను. జూమ్ ఆర్24 ఆరు పెన్సిల్ సెల్లులతోనూ, డీపీ-008ఈఎక్స్ నాలుగింటితోనూ నడుస్తాయి. అయితే ఫాంటమ్ పవర్ వేస్తే సెల్లులు త్వరగా అయిపోతాయి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడిపితే మైకుల్లో బుర్రుమనే శబ్దం వస్తుందేమో ముందే విని చూసుకోవాలి. వస్తే ఆ కాసేపు సెల్లుల మీదికి మారడమే మార్గం.

పని ముగిశాక స్విచ్ బోర్డు దగ్గర ఆపేయకుండా, యంత్రపు పవర్ మీటను నొక్కి పట్టుకోవాలి. తెర మీద మూసివేస్తున్నట్టు వచ్చి, వెలుగు పూర్తిగా ఆరిన తర్వాతే ప్లగ్గు పీకాలి. ఇంటికి చేరాక మొత్తం ప్రాజెక్టును, విడి ట్రాకుల వేవ్ ఫైళ్లనూ రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి, ఫోల్డరుకు ఊరి పేరు, తేదీ, గురువుగారి పేరు, పాట మొదటి మాట పెట్టాలి. కార్డును మళ్లీ ఫార్మాట్ చేయడానికి ముందు ఆ రెండు కాపీలనూ తెరిచి, చివరి పాట చివరి చరణం వరకు ఉందో లేదో వినాలి.